ముప్పై డాలర్ల పాట ఒక్కటేనా షోలోం సెకుండా?

పాతప్లేట్లు (ఆదివారం, రాత్రి 9:10)

మిత్రులారా, పది రోజులుగా ఒక పాట నన్ను వదలడం లేదు. పాట కంటే దాని వెనక ఉన్న మనిషి వదలడం లేదనడం సరైన మాట. ఆయన పేరు షోలోం సెకుండా. యిడ్డిష్ భాషలో నాటకాలకు బాణీలు కట్టినవాడు. ఈ వేదికలో ఆయన గురించి ఇంతవరకు ఎవరూ రాసినట్టు లేదు, అందుకే మొదలుపెడుతున్నాను.

1894లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని అలెగ్జాండ్రియా అనే ఊళ్ళో పుట్టాడు. అప్పుడది రష్యా సామ్రాజ్యం. చిన్నతనంలోనే యూదుల ప్రార్థనాలయాల్లో పాడి పేరు తెచ్చుకున్నాడు. పదమూడేళ్ళ ప్రాయంలో కుటుంబంతో న్యూయార్క్ చేరాడు. కొంతకాలానికి అందరు మగపిల్లలకూ మారినట్టే గొంతు మారింది. పాడే పిల్లవాడు బాణీలు కట్టే యువకుడయ్యాడు.

1932లో అమెరికా అంతటా ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్నారు. అప్పుడు బ్రూక్లిన్‌లోని పార్క్‌వే థియేటర్‌లో ఒక సంగీత నాటకం ఆడారు. దాని పేరుకు తెలుగులో అర్థం చెప్పాలంటే ‘బతకవచ్చు, కానీ బతకనివ్వరు’. సంగీతం సెకుండాది, పాటల మాటలు జేకబ్ జేకబ్స్‌వి. అందులో ఒక ప్రేమగీతం ఆరోన్ లెబెడెఫ్, లూసీ లెవిన్ పాడారు. ‘బై మీర్ బిస్తూ షేన్’. ‘నా కంటికి నువ్వే అందం’ అనుకోండి. నాటకం ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. పాట మాత్రం యూదుల పెళ్ళిళ్ళలో, విందుల్లో బతికింది.

1937లో సెకుండా ఆ పాట హక్కులను కామెన్ సోదరులనే ప్రచురణకర్తలకు అమ్మాడు. ధర 30 డాలర్లు. అందులో సగం జేకబ్స్‌కు ఇచ్చాడు. అంటే చేతికి మిగిలింది 15 డాలర్లు.

అదే కాలంలో హార్లెంలోని అపోలో థియేటర్‌లో జానీ, జార్జ్ అనే ఇద్దరు నల్లజాతి గాయకులు ఈ పాటను యిడ్డిష్‌లోనే పాడుతుంటే సామీ కాన్ అనే పాటల రచయిత విన్నాడు. భాష తెలియని ప్రేక్షకులు కూడా ఊగిపోవడం చూశాడు. సాల్ చాప్లిన్‌తో కలిసి ఇంగ్లీషు మాటలు రాశాడు. మిన్నియాపొలిస్ నుంచి వచ్చిన ముగ్గురు అక్కచెల్లెళ్ళు, ఆండ్రూస్ సిస్టర్స్, 1937 నవంబరు 24న డెక్కా కంపెనీకి పాడారు. 1938 జనవరికల్లా దేశమంతా ఆ పాటే. మొదటి 28 ఏళ్ళలో పాట 30 లక్షల డాలర్లు సంపాదించిందని అంచనా. కట్టినవాడికి 15.

సెకుండా తల్లి తానేదో పాపం చేసి ఉంటాననీ, ఆ శిక్ష కొడుకుకు తగిలిందనీ బాధపడి, ఏళ్ళ తరబడి ప్రార్థనాలయానికి వెళ్ళి క్షమాపణ వేడుకునేదని చెబుతారు. నన్ను పట్టుకున్నది ఆ తల్లి. డబ్బు పోయిందని ఏడ్చినవాళ్ళ గురించి చాలా విన్నాను. కొడుకు సంతకం చేసిన కాగితానికి తన ప్రార్థనతో బదులు చెప్పుకున్న తల్లి గురించి వినలేదు.

మీలో ఎవరికైనా ఈయన ఇతర పాటలు తెలిస్తే రాయండి.

రంగస్థలి (ఆదివారం, రాత్రి 9:48)

చదివాక చాలాసేపు మాట రాలేదు నాయనా. నలభై ఏళ్ళు పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి. రాత్రికి రాత్రి బాణీ కట్టి ఇచ్చి, పొద్దున్నే కాఫీ డబ్బులతో బస్సెక్కిన వాళ్ళను ఎందరినో ఎరుగుదును. ఆ బాణీలు ఇప్పటికీ ఊళ్ళలో వినిపిస్తాయి, కట్టినవాళ్ళ పేర్లు వినిపించవు. సెకుండాకు కనీసం పేరు మిగిలింది.

భాషాభిమాని (ఆదివారం, రాత్రి 10:15)

పాతప్లేట్లు గారూ, మంచి అంశం ఎత్తుకున్నారు. ఒక సందేహం. యిడ్డిష్ అంటే హీబ్రూయేనా? నేను ఇంతకాలం రెండూ ఒకటే అనుకున్నాను. ఆ భాషకు అంత పెద్ద నాటకరంగం ఎలా వచ్చింది?

పాతప్లేట్లు (ఆదివారం, రాత్రి 10:52)

ఒకటి కాదండీ. హీబ్రూ వాళ్ళ వేదభాష, ప్రార్థన భాష. యిడ్డిష్ తూర్పు ఐరోపా యూదుల ఇంటి భాష. అమ్మ జోలపాట పాడిన భాష, సంతలో బేరమాడిన భాష. దాని పునాది పాత జర్మన్. హీబ్రూ మాటలు, పోలిష్, రష్యన్ వంటి స్లావిక్ భాషల మాటలు కలిశాయి. రాసేది హీబ్రూ లిపిలో. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కోటి మందికి పైగా మాట్లాడేవారు.

నాటకం సంగతికొస్తే, 1876లో రొమేనియాలోని యాషి పట్టణంలో అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ మొదలుపెట్టాడు. కథ రాసేది, పాట రాసేది, బాణీ కూర్చేది అన్నీ ఆయనే. ఎండుద్రాక్ష, బాదంపప్పుల మీద ఆయన నాటకంలో ఒక జోలపాట ఉంది. అది నాటకం నుంచి ఊడివచ్చి ఇళ్ళలోకి వెళ్ళింది. దాన్ని ఎవరో ఒకరు రాశారనే సంగతి కూడా చాలామంది మరిచిపోయారు. రష్యాలో యూదుల మీద దాడులు, ఆంక్షలు పెరిగాక లక్షల మంది అమెరికాకు ఓడలెక్కారు. వాళ్ళతో పాటు నాటకం కూడా ఎక్కింది. న్యూయార్క్‌లో సెకండ్ అవెన్యూ అనే వీధి యిడ్డిష్ నాటకాలకు నిలయమైంది. సెకుండాతో పాటు జోసెఫ్ రుంషిన్‌స్కీ, అలెగ్జాండర్ ఓల్షనెట్‌స్కీ, అబ్రహాం ఎల్‌స్టైన్ అని మరో ముగ్గురు ఉన్నారు. ఆ వీధి సంగీతం అంటే ప్రధానంగా ఈ నలుగురే.

రంగస్థలి మాస్టారికి ఒక మాట. మన సురభి నాటక సమాజం కడప జిల్లాలో మొదలైంది 1885లో. గోల్డ్‌ఫాడెన్ తరువాత తొమ్మిదేళ్ళకే. ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలే లేదు. అయినా రెండు చోట్లా పాట లేనిదే నాటకం లేదు.

న్యాయపక్షం (సోమవారం, ఉదయం 7:20)

నేను వృత్తిరీత్యా న్యాయవాదిని. కథలో ఒక భాగం మిగిలిపోయింది, అది చెప్పకపోతే సెకుండాకూ, చట్టానికీ అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

అప్పటి అమెరికా చట్టం 1909 నాటిది. దాని ప్రకారం పాట మీద హక్కు మొదట 28 ఏళ్ళు. తరువాత ఇంకో 28 ఏళ్ళకు పొడిగించుకోవచ్చు. ఆ రెండో విడత రచయిత ముందే రాసి ఇచ్చేయకపోతే రచయితకే దక్కుతుంది. ఇది కావాలని పెట్టిన ఏర్పాటు. పాట పుట్టినప్పుడు దాని విలువ ఎవరికీ తెలియదు, అవసరంలో ఉన్నవాడు ఎంతకో అంతకు అమ్మేస్తాడు, కాబట్టి విలువ తెలిశాక అతనికి మరో అవకాశం ఉండాలని. ఆ ప్రకారం 1961లో పాట సెకుండా, జేకబ్స్‌ల చేతికి తిరిగివచ్చింది. సెకుండా 1974 దాకా బతికాడు. చివరి పదమూడేళ్ళు తన పాట రాబడి తాను చూశాడు.

కామెన్ సోదరులు చేసింది దొంగతనం కాదు. అది ఒప్పందం. పాట అప్పటికి ఐదేళ్ళ పాతది, నాటకం ఆగిపోయింది. ఆ రోజున 30 డాలర్లు ఇచ్చినవాడు కూడా రేపు ఏమవుతుందో తెలిసి ఇవ్వలేదు.

మన దగ్గర సినిమా పాటల రచయితలకు, సంగీత దర్శకులకు ఇలాంటి రక్షణ చట్టంలోకి వచ్చింది 2012 సవరణతో. హక్కులు నిర్మాతకు రాసి ఇచ్చినా, థియేటర్ బయట ఆ పాట వాడినప్పుడల్లా వచ్చే రాయల్టీలో వాటాను వారసులకో, రాయల్టీ సంఘానికో తప్ప వేరెవరికీ వదులుకోవడానికి వీల్లేదు. వదులుకున్నట్టు రాసినా చెల్లదు.

రంగస్థలి (సోమవారం, ఉదయం 8:05)

న్యాయపక్షం గారూ, చట్టం మీరు చెప్పినట్టే ఉండవచ్చు. నేను కాదనను. కానీ ఒప్పందం అనే మాట ఇద్దరూ నిలబడి మాట్లాడగలిగినప్పుడు వాడాలి. యిడ్డిష్ నాటకానికి ప్రేక్షకులు తగ్గుతున్న రోజులు, కరవు రోజులు. సీజనంతా ఎదురుచూసి ఒక్క నాటకం దొరికితే చాలనుకునే మనిషి ఒకవైపు, అచ్చుయంత్రం ఉన్నవాళ్ళు మరోవైపు. 28 ఏళ్ళు ఆగితే న్యాయం వస్తుందంటే ఆ తల్లి అన్నేళ్ళు ఆగాలి కదా.

న్యాయపక్షం (సోమవారం, ఉదయం 8:31)

మీ బాధ నాకు అర్థమైంది మాస్టారూ. చట్టం ఆలస్యంగా వచ్చింది, నిజమే. రాకుండా పోయిన చోట్లు చాలా చూశాను కాబట్టి, వచ్చిన చోటును గుర్తుపెట్టుకుంటాను.

స్వరలిపి (సోమవారం, మధ్యాహ్నం 2:40)

నమస్కారం. నేను సంగీతం నేర్పుతాను, కర్ణాటక గాత్రం. పాతప్లేట్లు గారు రాసింది చదివి, నిన్న రాత్రి ఆ పాటను ముందు యిడ్డిష్‌లో, తరువాత ఇంగ్లీషులో వరుసగా విన్నాను. మొత్తం చర్చ డబ్బు చుట్టూ తిరుగుతోంది. కాస్త స్వరాల దగ్గరికి రండి.

పాట మైనర్ మెట్టులో ఉంది, కాకలి నిషాదం తగులుతుంది. మన చెవికి కీరవాణి ఆరోహణను పక్కన పెట్టుకుని పాడి చూడండి, తోవ తెలిసిపోతుంది. గమకాలు మనవి కావు, రాగం అనడం కుదరదు, అది స్వరసంగతుల మీద నిలబడిన సంగీతం. కానీ ఆ విషాదపు మెట్టు మీద సంతోషపు మాటలు, నడకలో నాట్యం. అది నన్ను ఆపేసింది. ప్రేమించిన అమ్మాయిని పొగిడే పాట మన దగ్గర కూడా కీరవాణిలో ఉండవచ్చు గానీ, ఇంత చురుకైన నడకతో, ఇంత నవ్వుతో ఉండటం అరుదు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతుకుతూ ప్రార్థనాలయ సంగీతం దాకా వెళ్ళాను. యూదుల ప్రార్థన గాయకులను ఖజ్జాన్ అంటారు. వాళ్ళకు కొన్ని మెట్లున్నాయి. ‘అహవా రబ్బా’ అనే ప్రార్థన పేరుతో పిలిచే మెట్టును మన లెక్కలో పెడితే శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. అంటే మన మేళకర్త రాగాల్లో 14వది, వకుళాభరణం. ఇంకో మెట్టుకు లెక్క కట్టితే 58వ మేళం హేమవతి వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. రెండు సంప్రదాయాలూ ఒకదాన్నుంచి ఒకటి తీసుకోలేదు. మనిషి గొంతు దేవుణ్ణి వేడుకునేటప్పుడు శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి చేసే ఆ దూకుడును ఇక్కడా అక్కడా కనిపెట్టారు, అంతే.

సెకుండా ఈ సంగీతాన్ని పిల్లవాడిగా నోటితో పాడాడు. తరువాత న్యూయార్క్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్‌లో, అదే తరువాత జూలియార్డ్ అయింది, పాశ్చాత్య సంగీతం పద్ధతిగా చదివాడు. ఇన్ని తెలిసిన మనిషిని 30 డాలర్లకు మోసపోయినవాడిగా మాత్రమే తలుచుకోవడం నాకు నచ్చలేదు. పాతప్లేట్లు గారూ, మీ మీద కోపం కాదు. లోకమంతా ఆయన కథను అలాగే చెబుతోంది.

పాతప్లేట్లు (సోమవారం, రాత్రి 8:30)

టీచరు గారూ, మీరు అన్నది నిజం. ఒప్పుకుంటున్నాను. 30 డాలర్లతో మొదలుపెట్టింది నేనే. ఈ రోజంతా మీ మాటే తలుచుకుంటూ ఆయన పాటలు వెతికి విన్నాను.

‘దోస్ యిడిషె లీద్’ అని ఉంది. యూదుల పాట గురించిన పాట. ఖజ్జాన్ గొంతులో ఉండే ఆలాపన అందులోకి నేరుగా వస్తుంది. ‘వూ ఇజ్ దోస్ గెసెలె’ అని ఇంకొకటి. ఆ చిన్న సందు ఏది, ఆ ఇల్లు ఏది, నేను ప్రేమించిన అమ్మాయి ఏది అని అడగడమే పాట. వలస వచ్చినవాళ్ళ కోసం కట్టింది. పదిహేనేళ్ళ తరువాత ఆ సందులు నిజంగానే లేకుండా పోయాయి, వాటితో పాటు మనుషులూ.

మీరు చదువు గురించి రాశారు కాబట్టి ఒక సంఘటన చెప్పాలి. యిడ్డిష్ రంగస్థలానికి పెద్ద దిక్కు బోరిస్ తోమషెవ్‌స్కీ. ఆయన ఇద్దరు కుర్రాళ్ళను జోడీ కట్టి తన నాటకానికి సంగీతం చేయించాలనుకున్నాడు. ఒకడు సెకుండా. రెండోవాడు చెవితో విని పియానో వాయించే కుర్రాడు, పద్ధతిగా చదువుకోనివాడు. సెకుండా ఒప్పుకోలేదు. ఇలాంటివాడితో తనకు కుదరదన్నాడు. ఆ కుర్రాడు జార్జ్ గెర్ష్‌విన్. తరువాత అమెరికా సంగీతంలో అతని స్థానం ఏమిటో చెప్పక్కర్లేదు.

దీన్ని కూడా లోకం సెకుండా పొరపాటుగానే చెబుతుంది. నాకు మాత్రం ఆ నిర్ణయం అర్థమవుతుంది. చదువుకోవడానికి కష్టపడిన పేదింటి కుర్రాడు, ఆ చదువునే కొలబద్దగా పెట్టుకున్నాడు.

హడ్సన్‌తీరం (మంగళవారం, ఉదయం 6:15)

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మూడేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈ చర్చ రాయించింది.

నిన్న పని అయ్యాక రైలెక్కి సెకండ్ అవెన్యూకు వెళ్ళాను. పదో వీధి మూలన ఒకప్పుడు ఒక యూదుల భోజనశాల ఉండేది, ఇప్పుడు బ్యాంకు ఉంది. దాని ముందు కాలిబాటలో నక్షత్రాలు పొదిగి, వాటిలో యిడ్డిష్ నటుల, సంగీతకారుల పేర్లు చెక్కారు. చాలా అక్షరాలు అరిగిపోయాయి. ఆఫీసుల నుంచి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు వాటి మీదుగా నడిచి వెళుతున్నారు. నేను తల వంచుకుని ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటుంటే ఒక పెద్దావిడ ఆగి, ఏమైనా పోగొట్టుకున్నావా అని అడిగింది. తోమషెవ్‌స్కీ పేరు చెప్పాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసి, తన తల్లి ఆయన నాటకాలు చూసిందని చెప్పింది.

అక్కడికి రెండు వీధుల దూరంలో, పన్నెండో వీధి మూలన, 1926లో యిడ్డిష్ ఆర్ట్ థియేటర్ కోసం కట్టిన భవనం ఉంది. ఇప్పుడది సినిమా హాలు. ఏ సినిమా ఆడుతోందో కూడా చూడకుండా టికెట్ కొన్నాను. పెద్ద హాలు పైకప్పు గోపురంలా ఉండి, మధ్యలో ఆరు కోణాల నక్షత్రం ఉంది. బంగారు రంగు ఇంకా పోలేదు. దీపాలు ఆర్పేదాకా పైకే చూస్తూ కూర్చున్నాను.

ఇక అసలు సంగతి. పాతప్లేట్లు గారూ, గెర్ష్‌విన్ ముచ్చట మీరు అర్ధంతరంగా ఆపేశారు. ఆండ్రూస్ సిస్టర్స్ ప్లేటు నంబరు డెక్కా 1562. దానికి రెండు వైపులుంటాయి కదా. ముఖ్యమైన పాటగా కంపెనీ అనుకున్నది ‘నైస్ వర్క్ ఇఫ్ యూ కెన్ గెట్ ఇట్’. అది జార్జ్ గెర్ష్‌విన్ బాణీ. వెనకవైపు వేసిన పాట సెకుండాది.

గెర్ష్‌విన్ అదే సంవత్సరం జులైలో చనిపోయాడు. రికార్డింగ్ నవంబరులో.

పాతప్లేట్లు (మంగళవారం, ఉదయం 7:02)

ఈ సంగతి నాకు తెలియదు. తోమషెవ్‌స్కీ కలపాలనుకుని కలపలేకపోయిన ఇద్దరూ ఒకే ప్లేటు మీద! చేతులు వణుకుతున్నాయి, సాయంత్రం రాస్తాను.

రంగస్థలి (మంగళవారం, ఉదయం 9:30)

హడ్సన్‌తీరం బాబూ, ఆ పెద్దావిడకు మా అందరి నమస్కారం చెప్పాలనిపించింది. ఆమె మళ్ళీ కనిపించకపోవచ్చు. అయినా రాశాను.

వెన్నెలపిట్ట (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నాను. మా కాలేజీ బృందగానంలో ‘డోనా డోనా’ అనే ఇంగ్లీషు పాట పాడతాం. నిన్న అనుకోకుండా స్వరపత్రం పైన సంగీతం షోలోం సెకుండా అని చూశాను. రెండేళ్ళుగా పాడుతున్నా, ఆ పేరు ఎప్పుడూ చదవలేదు. ఈ చర్చ చూడకపోతే ఇంకా చదివేదాన్ని కాదు.

బండి మీద కట్టేసిన దూడ సంతకు పోతుంటుంది. పైన వానకోవెల హాయిగా ఎగురుతుంటుంది. గాలి నవ్వుతుంటుంది. దూడ ఏడిస్తే రైతు, నిన్ను దూడగా పుట్టమన్నదెవరు అంటాడు. ఇది నాజీలు గ్యాస్ గదులకు తీసుకుపోయిన యూదుల గురించి రాసిన పాట అని మాకు చెప్పారు. నిజమేనా?

భాషాభిమాని (మంగళవారం, సాయంత్రం 5:50)

అమ్మాయీ, రెండు రోజులుగా నేను కూడా చదువుతూనే ఉన్నాను కాబట్టి చెప్పగలను. తేదీలు చూస్తే అలా అనడం కుదరదు. పాట 1940, 1941 మధ్య ‘ఎస్తెర్కె’ అనే యిడ్డిష్ నాటకం కోసం పుట్టింది. ఆ నాటకం 14వ శతాబ్దపు పోలండ్ రాజు కాజిమిర్, ఆయన ప్రేమించిందని చెప్పే యూదు స్త్రీ ఎస్తెర్కె కథ. యిడ్డిష్‌లో పల్లవి ‘డానా డానా’, అమెరికాలో పాడుతూ ‘డోనా’ అయింది. గ్యాస్ గదుల్లో యూదుల సామూహిక సంహారం అప్పటికి మొదలు కాలేదు.

వెన్నెలపిట్ట (మంగళవారం, సాయంత్రం 6:20)

ధన్యవాదాలండీ. కానీ ఒక మాట అడుగుతాను. రాసినవాడికి అప్పుడు ఏమీ తెలియదనే అంటారా? తేదీ ఒక్కటే సరిపోతుందా?

పాతప్లేట్లు (మంగళవారం, రాత్రి 9:25)

అమ్మాయి సరైన చోట అడిగింది. మాటలు రాసింది ఆరోన్ ట్సైట్లిన్. వార్సాలో పేరున్న కవి. తరువాత 1978లో నోబెల్ పొందిన ఐజాక్ బషేవిస్ సింగర్‌కు ఆప్తమిత్రుడు. ఆయన నాటకాన్ని ఆడించడానికి మారిస్ ష్వార్ట్జ్ పిలిస్తే 1939లో న్యూయార్క్ వచ్చాడు. వచ్చిన కొద్ది నెలలకే హిట్లర్ సేనలు పోలండ్‌లోకి దిగాయి. ట్సైట్లిన్ తిరిగి వెళ్ళలేకపోయాడు. భార్యాబిడ్డలు అక్కడే ఉండిపోయారు. అందరూ చనిపోయారు.

ఆ మధ్యకాలంలో, ఇంటివాళ్ళ సంగతి తెలియకుండా ఎదురుచూస్తూ రాసిన పాట ఇది. గ్యాస్ గదుల గురించి రాశాడనడం తప్పు. కట్టేసి తీసుకుపోతున్న ప్రాణి గురించి ఆ నెలల్లో ఆ మనిషి రాసినప్పుడు, వార్సాలో ఉన్నవాళ్ళు మనసులో లేరనడం కూడా నా వల్ల కాదు.

1950లలో ఆర్థర్ కెవెస్, టెడ్డీ ష్వార్ట్జ్ ఇంగ్లీషులోకి తెచ్చారు. 1960లో జోన్ బయెజ్ తన మొదటి ఆల్బంలో పాడింది. అక్కడి నుంచి ప్రపంచమంతా తిరిగింది. జపాన్‌లో బడిపిల్లలకు నేర్పేంతగా వెళ్ళింది. రెండు పాటలూ మాతృభాషను ఇంటి దగ్గర వదిలి బయలుదేరాకే లోకానికి తెలిశాయి.

భాషాభిమాని (మంగళవారం, రాత్రి 9:58)

ఆ చివరి వాక్యం నన్ను పడుకోనివ్వదు. మొదటి పాట పేరు చూడండి. యిడ్డిష్‌లో ‘బిస్తూ షేన్’. అమెరికా ప్లేటు మీద జర్మన్ తీరులో ‘బిస్ట్ డు షోన్’ అని అచ్చువేశారు. అంటే అమ్మకానికి వచ్చేటప్పుడు పాట తన భాష వేషం కూడా మార్చుకుంది. జర్మనీలో జనం అది తమ పాటే అనుకుని ఇష్టపడ్డారనీ, కట్టింది యూదుడని తెలిశాక నిషేధించారనీ చదివాను. అదే బాణీకి యుద్ధకాలంలో సోవియట్ గాయకుడు లియోనిద్ ఉత్యోసవ్ నాజీ సైనికాధికారిని ఎగతాళి చేసే మాటలు పెట్టి పాడాడు. ఒకే బాణీ ఎన్ని భాషల్లోకి వెళ్ళిందో! పుట్టిన భాషలో దాన్ని అర్థం చేసుకుని వినేవాళ్ళలో దాదాపు సగం మందిని ఆ ఐదారేళ్ళలో చంపేశారు.

స్వరలిపి (బుధవారం, ఉదయం 11:10)

వెన్నెలపిట్టా, నీ పాటను నేనూ విన్నాను. ఒక సంగతి గమనించావా? చరణం మైనర్‌లో నడుస్తుంది. దూడ, బండి, కళ్ళలో దుఃఖం అంతా అక్కడే. గాలి నవ్వుతోంది అనే చోటికి వచ్చేసరికి బాణీ మేజర్‌లోకి తెరుచుకుంటుంది. తలుపు తీస్తే వెలుతురు పడినట్టు ఉంటుంది. కానీ ఆ వెలుతురు దూడ కోసం కాదు. చివరికి మళ్ళీ మైనర్‌లోకి వచ్చి ఆగుతుంది. మాటల్లో ట్సైట్లిన్ చెప్పని సంగతిని సెకుండా స్వరంతో చెప్పాడు. లోకం ఎంత అందంగా ఉందో చూపిస్తేనే ఆ ప్రాణికి ఎంత అన్యాయం జరుగుతోందో తెలుస్తుందని ఆయనకు తెలుసు.

మీ బృందంలో పల్లవిని గట్టిగా, ఉత్సాహంగా పాడుతున్నారా? ఈసారి కాస్త తగ్గించి పాడి చూడండి.

వెన్నెలపిట్ట (బుధవారం, రాత్రి 8:00)

టీచరు గారూ, ఇవాళ సాధనలో అలాగే పాడాం. మా బృందం నడిపే మేడంకు మీ మాటలు చదివి వినిపించాను. పల్లవి రెండోసారి పాడేటప్పుడు ఇద్దరు ఆగిపోయారు, పాడలేకపోయారు. మేడం ఏమీ అనలేదు. వాళ్ళు మళ్ళీ అందుకునేదాకా పియానో వాయిస్తూనే ఉన్నారు.

రంగస్థలి (గురువారం, ఉదయం 6:40)

చదువుకున్నవాడు, చదువుకోనివాడు అని ఇందాక మాట వచ్చింది కాబట్టి ఒకరిని తలుచుకుంటాను. మా అబ్బాయి వెతికి చదివి వినిపించాడు. పోలండ్‌లోని క్రాకోవ్‌లో మొర్దెహై గెబీర్తిగ్ అని ఒక వడ్రంగి. 1877లో పుట్టాడు. సంగీతం రాయడం రాదు. చిన్న పిల్లనగ్రోవి మీద బాణీ కట్టుకుంటే స్నేహితులు కాగితం మీద పెట్టేవారు. యూదుల మీద దాడులు జరిగినప్పుడు, మన ఊరు తగలబడుతోంది, చేతులు కట్టుకుని చూస్తున్నారేమిటి అని పాట కట్టాడు. 1942 జూన్‌లో ఆయన్ను క్రాకోవ్ వీధిలో కాల్చి చంపారు.

పగలు చెక్క చిత్రిక పట్టి, రాత్రి పాట కట్టిన మనిషి. సెకుండా అమెరికా చేరాడు, ఈయన చేరలేదు. అంతకుమించి నాకు చెప్పడం చేతకావడం లేదు.

న్యాయపక్షం (గురువారం, ఉదయం 10:15)

మాస్టారూ, ఇది చదివాక సోమవారం నేను రాసిన ‘ఒప్పందం’ అనే మాట మీద పట్టుదల లేదు.

పాతప్లేట్లు (శుక్రవారం, రాత్రి 10:05)

వారమంతా విన్నవాటిలో సెకుండా చివరి రోజుల సంగీతం గురించి చెప్పి ఆపుతాను.

ఆయనకు జీవితమంతా ఒకటే కోరిక, పెద్ద సంగీతం రాయాలని. యిడ్డిష్ దినపత్రిక ‘ఫోర్వర్ట్స్’కు సంగీత విమర్శలు రాశాడు. మెట్రోపాలిటన్ ఒపేరాలో పాడిన రిచర్డ్ టక్కర్ కూడా ఖజ్జానే. ఆయనతో కలిసి ప్రార్థన గీతాలు చేశాడు. క్యాట్స్‌కిల్స్ కొండల్లోని కాంకర్డ్ అనే పెద్ద విడిది హోటల్‌లో సంగీత దర్శకుడిగా పనిచేశాడు. సంహారంలో పోయిన 60 లక్షల మందిని తలుచుకుంటూ ‘యిజ్కోర్’ అనే బృందగాన రచన చేశాడు. ఆ మాటకు ‘తలుచుకోవాలి’ అని అర్థం. చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన పేరు కూడా అదే. అందులో వినిపించే గొంతు, ఉక్రెయిన్‌లో పిల్లవాడిగా పాడిన గొంతే అనిపించింది నాకు. మెట్లు అవే. గోడలు మాత్రం పెద్దవయ్యాయి.

నా మటుకు నేను ఆ ప్రేమపాటను దీనికి ఒక మెట్టు కింద పెట్టను. బ్రూక్లిన్‌లో ఉద్యోగం పోయిన కుట్టుపనివాడు టికెట్ కొని వచ్చి, రెండు నిమిషాలు భార్య వైపు చూసి నవ్వాడంటే అది చిన్న పని కాదు. స్వరలిపి గారి మాట ప్రకారం ఈ చర్చ శీర్షిక మార్చాను, చూశారో లేదో. మొదట ‘ముప్పై డాలర్లకు అమ్ముడుపోయిన పాట’ అని ఉండేది.

హడ్సన్‌తీరం (ఆదివారం, ఉదయం 5:50)

అన్నగారూ, దొరికింది.

నిన్న మధ్యాహ్నం ఒక పాత పుస్తకాల దుకాణం నేలమాళిగలో, చెక్కపెట్టెల్లో వందల ప్లేట్లు ఉంటే ఒక్కొక్కటే తీసి చూశాను. డెక్కా 1562. నీలం లేబుల్, బంగారు అక్షరాలు, అంచున చిన్న పగులు, పాట దాకా రాలేదు. దుకాణదారు పాత గ్రామఫోను మీద వేసి వినిపించాడు కూడా.

గెర్ష్‌విన్ వైపు నల్లగా, నిన్న కొన్నట్టు మెరుస్తోంది. సెకుండా వైపు తిప్పితే గాళ్ళన్నీ బూడిదరంగుకు తిరిగాయి. ఏ ఇంట్లోనో దాన్ని ఎన్ని వందల సార్లు వేశారో, ముల్లు ఆ నలుపునంతా తినేసింది. పాట కంటే గరగర ఎక్కువగా వినిపిస్తోంది, అయినా అక్కచెల్లెళ్ళ గొంతులు తెలుస్తున్నాయి.

సంక్రాంతికి విజయవాడ వస్తున్నాను. రెండు తువ్వాళ్ళలో చుట్టి, చేతిసంచిలోనే పెట్టుకుని తెస్తాను. మీ గ్రామఫోనుకు కొత్త ముల్లు వేయించి ఉంచండి. రంగస్థలి మాస్టారు, స్వరలిపి గారు కూడా రాగలిగితే ముందు అరిగిన వైపే వేద్దాం.